నల్ల రెక్సిన్ సీటు

ఆదివారం మధ్యాహ్నం ఒక్క కునుకు. ఆ రోజుల్లో నేను కోరుకున్నది అంతకంటే ఏమీ లేదు. దాన్ని కూడా మా ఆయన బండి సీటు మింగేసింది.

ఎనభైలు మొదలైన కొత్త. కంచరపాలెంలో రైలు గేటుకి దగ్గరగా రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయనకి స్టీలు ప్లాంటు కడుతున్న చోట పని. నాకు గాజువాకలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం. పొద్దున్నే ఆయన నన్ను మోటారు సైకిలు మీద బడి దగ్గర దింపి ప్లాంటుకి పోయేవాడు, సాయంత్రం తిరుగు దారిలో ఎక్కించుకునేవాడు. బస్సులు లేవని కాదు. పొద్దున పూట వాటిలో కాలు పెట్టడానికి చోటుండదు. కాన్పయి లేచిన ఆడదాన్ని, ఆ ఫుట్‌బోర్డు మీద ఏం వేలాడతాను? కనక ఆ బండి వెనక సీటుంటేనే నా ఉద్యోగం ఉన్నట్టు.

రెండో కాన్పు నన్ను చాలా బాధ పెట్టింది. ఇంటికొచ్చిన కొత్తలో తుమ్మినా దగ్గినా చీరలో రెండు చుక్కలు పడేవి. ఆ మాట నర్సుకి చెప్పలేదు, మా ఆయనకి చెప్పలేదు. ఎవరికి చెప్తాం? కొన్నాళ్ళకి తగ్గింది. తగ్గిందనే అనుకున్నాను.

పిల్లలిద్దర్నీ చూసుకోవడానికి మా అత్త పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేది. విజయనగరం అవతల ఊరు, వ్యవసాయం చేసిన ఒళ్ళు, తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేసే మనిషి. మంచిదే కాని ఆవిడ పద్ధతులు కొన్ని నాకు మింగుడు పడేవి కావు. ఎవరింటికెళ్ళినా చాప వేస్తే కూర్చోదు. మంచం చూపిస్తే కూర్చోదు. వట్టి గచ్చు మీద, గుమ్మం పక్కన కూర్చుంటుంది. పెళ్ళికి పిలిస్తే తలనొప్పి అంటుంది. బస్సు ఎక్కదు. బండి వెనక కూర్చోమని కొడుకు బతిమాలితే, "నానేటి, ఆ గుర్రం ఎక్కడమేటిరా" అని నవ్వేసి తప్పించుకునేది. అదంతా పల్లెటూరి బడాయి అనుకునేదాన్ని.

ఆవిడ నోట రోజూ వచ్చే మాట ఇంకొకటి ఉండేది. "ఆ ఉజ్జోగం మానీయే గుంటా. ఒల్లు ముందు, ఉజ్జోగం తరవాత."

నిజానికి నేను మానేస్తే ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పరు. నా భయమంతా అదే. మా ఆయన 'నీ ఇష్టం' అంటాడు, పక్క వాటా వాళ్ళు 'మంచి పని చేశావు' అంటారు, అంతటితో సరి. ఆ ఉద్యోగాన్ని పట్టుకుని ఉన్నది నేనొక్కదాన్నే. ఇంట్లో ఒకరికి పెళ్ళాన్ని, ఒకరికి కోడల్ని, ఇద్దరికి అమ్మని. గాజువాకలో ఆ రేకుల షెడ్డు కింద మాత్రం టీచర్ని. సుద్దముక్క చేత్తో పట్టుకుంటే ఎంత అలసటలోనైనా ప్రాణం లేచొచ్చేది. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

అలాంటి సమయంలో సీటు చిరిగింది. వెనక సగం నిలువునా విచ్చుకుని లోపలి స్పాంజి పసుప్పచ్చ పొడిగా రాలడం మొదలెట్టింది. వేసవి సెలవులింక అయిపోవచ్చాయి. బడి తెరిచేలోగా బాగు చేయించమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"షాపోడికిస్తే వారం ఉంచీసుకుంటాడే. సీటు నేకుండా నాను డూటీకెలగెల్తాను? మనవే సేసీద్దాం" అన్నాడు మా ఆయన.

"మనవంటే ఎవులు? నానేగదా?"

"మిషను నీదే కదేటి మరి."

ఆ చేతి మిషను మీద నేను జాకెట్లు కుట్టుకున్నాను, పిల్లలకి గౌన్లు కుట్టాను. సీటు కుట్టాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అయినా ఆదివారం అన్నం తిన్న చేతులు కడుక్కుని వరండాలో కూర్చున్నాం. ఆయన సీటు విప్పి బోర్లా వేశాడు. అడుగున ఇనప రేకు, దాని అంచు చుట్టూ పళ్ళు. పాత కవరు ఆ పళ్ళకి గుచ్చి ఉంది. స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే లేపుతుంటే తుప్పు రేగి మా ఇద్దరి ముక్కుల్లోకీ పోయింది. ముందు సగంలో స్పాంజి గట్టిగానే ఉంది. వెనక సగంలో మాత్రం ఏమీ మిగల్లేదు, పిడికెడు పొడి తప్ప.

"ఇందులో ఏటి కుక్కుతారు?" అన్నాను.

దానికి జవాబు మా అన్నయ్య రూపంలో వచ్చింది. అన్నయ్య పోర్టులో, ఓడల నుంచి సరుకు దించే చోట పనిచేసేవాడు. ఓడ వచ్చినప్పుడల్లా చిరిగిన గోనెసంచులు చుట్టలు చుట్టుకుని తెచ్చి బంధువులందరికీ పంచేవాడు. మా పేటలో పోర్టు గోనె లేని ఇల్లుండేది కాదు. కాళ్ళు తుడుచుకోవడానికి అదే, స్నానాల దొడ్డికి తెర అదే, నులక మంచం మీద పరుపు కింద అదే. ఆ రోజు కూడా చంకలో ఒక చుట్ట పెట్టుకుని వచ్చాడు.

"మడతెట్టి కుట్టీయండి బావా. స్పాంజి పొడైపోద్ది గాని గోనె నలగదు" అన్నాడు మా ఆయనతో.

"కడగక్కర్లేదేటి?" అని అడిగాను. అడిగాను, నాకు బాగా గుర్తుంది.

"ఇప్పుడు కడిగితే ఎప్పటికారతాదే? తెల్లారితే బావ డూటీకెల్లాల కదా. దులిపీసేను, సాలు."

ముగ్గురం అలిసిపోయి ఉన్నాం, ఎవరికీ వాదించే ఓపిక లేదు. సంచులు మడత మీద మడత పెట్టి దబ్బనంతో పురికొస వేసి కుట్టారు వాళ్ళిద్దరూ. నేను పాత కవరు కుట్లు విప్పి, కొత్త నల్ల రెక్సిన్ మీద పరిచి, బడి నుంచి తెచ్చుకున్న సుద్దముక్కతో చుట్టూ గీసుకుని కత్తిరించాను. ఇక మిషను దగ్గర మొదలైంది నా అవస్థ. రెక్సిన్ గుడ్డలాగా జరగదు, మిషను పాదం కింద అంటుకుపోయి కూర్చుంటుంది. పిల్లదాని పౌడరు చల్లితే కొంచెం జరిగింది. మూల మలుపు దగ్గర సూది పుటుక్కుమంది. ఇంకో సూది పెడితే అదీ విరిగింది. "మెల్లగా తిప్పే" అని మా ఆయన సలహా. "మీరొచ్చి తిప్పండి, నాను కాలు మీద కాలేసుకుని సలహాలిత్తాను" అన్నాను. చివర్లో కవరు లాగి పళ్ళకి గుచ్చాలి. ఆయన మోకాళ్ళతో సీటుని అదిమి పడితే, నేను లాగి గుచ్చాను. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ చితికాయి. దీపాల వేళకి సీటు బండెక్కింది.

చెప్పకేం, అందంగా వచ్చింది. మా ఆయన దాన్ని అరచేత్తో ఫట్‌మని కొట్టి, "సూసేవా, షాపోడు కూడా ఇలగ కుట్టనేడు" అన్నాడు. నాకు నవ్వే శక్తి కూడా లేదు. మర్నాటికి పప్పు నానబెట్టాలని గుర్తొచ్చి లేచాను.

బడి తెరిచారు. వానలు మొదలయ్యాయి. మొదట్లో ఏమీ తెలియలేదు, వానలో అందరమూ తడిసేవాళ్ళమే. కాని ఒక రోజు, వాన లేని రోజు, బడి దగ్గర బండి దిగి కొంగు సర్దుకుంటుంటే చేతికి వెనక చీర తడిగా తగిలింది. చేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అది మూత్రం వాసన.

మా ఆయన ప్యాంటు చూశాను. పొడిగా ఉంది. మర్నాడు ఎక్కేముందు సీటు మీద చేత్తో రాసి చూశాను. అది కూడా పొడిగానే ఉంది. గాజువాకలో దిగేసరికి మళ్ళీ తడి, మళ్ళీ అదే వాసన. ఇంక అనుమానమేముంది? సీటు పొడిగా ఉంది, ఆయన పొడిగా ఉన్నాడు. గతుకుల రోడ్డు మీద నా ఒళ్ళే నాకు తెలియకుండా వదిలేస్తోంది. కాన్పు తర్వాత వచ్చిన ఆ రోగం తగ్గలేదు, లోపల ముదిరింది. అంతే అనుకున్నాను. నిమిషం కూడా పట్టలేదు నమ్మడానికి.

ఆ వానాకాలం ఎలా గడిపానో నాకే తెలుసు. పొద్దున లేచాక గుక్కెడు నీళ్ళు తాగేదాన్ని కాదు. కాఫీ మానేశాను. పాత చీర చింపి మడతలు పెట్టి కట్టుకునేదాన్ని. విప్పి చూస్తే అదీ చెమ్మగానే ఉండేది. మా ఊళ్ళో ఆ నెలల్లో ఏ గుడ్డ పొడిగా ఉంటుంది కనక? అది ఆలోచించే తెలివి భయంలో ఎక్కడిది? లేత రంగు చీరలన్నీ పెట్టె అడుక్కి పోయాయి. బడిలో కుర్చీలో కూర్చోవడం మానేశాను. గోడకి వీపు ఆనించి, నిలబడే పాఠాలు చెప్పేదాన్ని. నల్లబల్ల మీద రాయడానికి తిరగాలంటే ముందు కొంగు వెనక్కి కప్పుకునేదాన్ని. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయ్యేవి. "కూర్చుని చెప్పొచ్చు కదా టీచరుగారూ" అంది మా హెడ్‌మిస్ట్రెస్ ఒకసారి. "నిలబడితేనే పిల్లలు వింటారండి" అన్నాను. స్టాఫ్ రూములో పక్కావిడ కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. ఎండ పడుతోందని జరుపుకుందేమో, నాకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు.

ఇంట్లో మా అత్త కనిపెట్టేసింది. ఆవిడ కళ్ళు గప్పడం ఎవరి తరం? నేను దొడ్లో చాటుగా ఉతుక్కుంటున్న గుడ్డలు చూసింది. ఏమీ అనలేదు. కాని ఒక రోజు నా పెట్టె మీద మెత్తటి పాత పంచె ముక్కలు, చక్కగా చదరంగా కత్తిరించి మడత పెట్టినవి కనిపించాయి. ఒళ్ళు మండిపోయింది. నా పరువు పోయిందని ఈవిడకి ఎంత సంబరం, అనుకున్నాను. ఆ సాయంత్రమే మళ్ళీ ఎత్తుకుంది.

"నీల్లు తాక్కపోతే ఆగుతాదనుకోకు గుంటా. ఆగదు. మంటొకటి మొదలవుద్ది, అంతే. ఆ ఉజ్జోగం మానీ. నలుగురికీ తెలీక ముందే మానీ."

"నాకేటీ నేదు. నువ్వూరుకో అత్తా" అని గట్టిగా అరిచాను. పిల్లది ఉలిక్కిపడి లేచింది.

అరిచాను కాని ఆ రాత్రికే నిర్ణయం అయిపోయింది. దసరా సెలవులకి మూసేనాడు చెప్పేద్దాం, ఇక రానని. ఆ తర్వాత రోజుల్లో క్లాసులో పిల్లల ముఖాలు చూస్తుంటే ఏడుపొచ్చేది. ఎక్కాలు వాళ్ళు చెప్తుంటే నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఇంత చదువు చదివి, ఇన్ని తిప్పలు పడి, చివరికి ఇందుకా మానేయడం అని నా మీద నాకే అసహ్యం వేసేది.

సెలవులు ఇంకా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం అన్నయ్య వచ్చాడు. ఇద్దరూ కలిసి ఎవర్నో చూడ్డానికి వెళ్ళాలిట. మా ఆయనకి అప్పటికే నడుం పడిపోయి ఉంది. "నువ్వు తోలు బావా, నాను ఎనకాల కూకుంటాను" అన్నాడు మా ఆయన అన్నయ్యతో. బండి కొన్నాక ఆయన వెనక కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. కాసేపటికి తిరిగొచ్చారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసి నడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏటే ఈ సీటు? కుర్రాడు ఉచ్చోసినట్టు తడిసిపోనాది నా పేంటు. కంపు కూడానూ. అంట్లుగాని కడిగేరేటి దాని మీద?"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏటన్నారు?" అన్నాను. మళ్ళీ చెప్పాడు. పొయ్యి మీద కూర అలాగే వదిలేసి కత్తిపీట పక్కనున్న చాకు తీసుకుని వీధిలోకి వెళ్ళాను. "ఓలమ్మో, ఏటి సేత్తన్నావే" అని ఆయన వెనకాలే వస్తున్నాడు. గోళ్ళు చితక్కొట్టుకుని కుట్టిన ఆ కవరుని ఈ చివర నుంచి ఆ చివరకి చీల్చేశాను. లోపల గోనె నల్లగా, తడి ముద్దగా ఉంది. వేలితో నొక్కితే నీరు ఊరింది. కుట్ల పక్కన తెల్లగా ఏదో పేరుకుని ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని నా చేతుల సుద్ద అనుకుని తుడిచేస్తూ వచ్చాను. వాసన గుప్పుమని మొహాన కొట్టింది. అదే వాసన.

మా అత్త గుమ్మం లోంచి వచ్చి ఒక సంచి చివర పట్టుకుని చూసింది. "యూరియా సంచులు కదరా ఇవి. వానాకాలం ఇలగే కారతాయి. ఊర్లో వీటిని గచ్చు మీద పెడితే మడుగు కట్టేదని బల్లెక్కించేవోల్లం. మరిసిపోనావేట్రా?"

విషయం అంతే. దులిపినా పోని ఎరువు గోనెలో ఉండిపోయింది. అది సముద్రం గాలిలో చెమ్మనంతా పీల్చుకుని కుళ్ళింది. నేను కూర్చుంటే నా బరువుకి కుట్ల కన్నాల్లోంచి పైకి ఊరింది. లేస్తే మళ్ళీ లోపలికి ఇంకింది. పైన చేత్తో రాస్తే పొడిగా ఉండక ఏం చేస్తుంది? ఆయన కూర్చునే ముందు సగంలో ఉన్నది పాత స్పాంజే.

"దులిపేను కదే" అన్నాడు అన్నయ్య నీరసంగా.

"దులిపేవు! నీ మొకం దులిపేవు! నాను నీల్లు తాగడం మానీసేను, తెల్సా? కుర్సీలో కూకోడం మానీసేను. నా ఒల్లే పాడైపోనాదనుకున్నాను. ఉజ్జోగం మానీద్దారనుకున్నాను, మానీద్దారని!"

వీధిలో నిలబడి అంత మాట అనేశాను. మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గేటు దాకా వెళ్ళొస్తామని గొణుక్కుంటూ జారుకున్నారు. నేను గుమ్మంలో కూలబడిపోయాను. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళొచ్చాయి. మా అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. చెంబెడూ గటగటా తాగాను. అన్ని నెలల తర్వాత కడుపు నిండా నీళ్ళు తాగడం అదే.

ఆవిడ కూడా నా పక్కన, వట్టి గచ్చు మీద కూర్చుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆ తడి గోనెని చుట్ట చుడుతూ మెల్లగా అంది.

"నీది గోనిసంచి గాబట్టి సరిపోనాది గుంటా. నాది సంచి కాదు కదా."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ వైపు తిరిగాను.

"ఎప్పట్నుంచత్తా?"

"మీ ఆయన పుట్టినకాడ్నుంచి."

"ఎవులికీ సెప్పనేదేటి?"

"ఎవులికి సెప్తాను? మీ మావకా?" అంది. చుట్టకి పురికొస బిగించింది. "నీక్కూడా వచ్చీసిందనుకున్నాను. నలుగురి మద్దిన నాలాగ తలొంచుకోకూడదని మానీమన్నాను. అంతే."

చాప మీద కూర్చోకపోవడం, పెళ్ళిళ్ళకి తలనొప్పి, బస్సెక్కకపోవడం, అన్నీ ఒక్కసారి నా ముందుకొచ్చాయి. నాకు ఒక్క వానాకాలానికే ప్రాణం విసిగిపోయింది. ఆవిడ ఒక కొడుకు పుట్టి, పెరిగి, ఉద్యోగస్తుడై, తండ్రి అయ్యేదాకా అలా గచ్చు మీదే కూర్చుంది. ఆ పంచె ముక్కల్ని అంత చదరంగా కత్తిరించడం ఆవిడకి ఎలా అలవాటైందో నాకు అప్పుడు తెలిసింది. పొయ్యి మీద కూర మాడిన వాసన వస్తే ఇద్దరం లేచాం.

మళ్ళీ సీటు కుట్టాం. ఇంకో ఆదివారం పోయింది. ఈసారి అన్నయ్య పాత ఓడ సామాన్లమ్మే చోట పరుపు స్పాంజి ఒకటి సంపాదించి తెచ్చాడు. నీళ్ళలో నానబెట్టి, పిండి, డాబా మీద ఎండబెట్టి, చెంపకి ఆనించి చూసుకున్నాకే లోపల పెట్టనిచ్చాను. బడి మానలేదు. సెలవులకి మూసేనాడు కుర్చీ లాక్కుని, కాళ్ళు చాపుకుని, కూర్చునే పాఠం చెప్పాను.

ఆ సెలవుల్లోనే ఒక పొద్దున మా అత్తని పెద్దాసుపత్రికి బయల్దేరదీశాను. దానికి ముందు రోజుల తరబడి పోరు. ఈ వయసులో నాకెందుకంది, సిగ్గంది, మగ డాక్టరుంటే సస్తానంది. ఆడ డాక్టరమ్మే చూస్తుందని, మా ఆయన బయటే ఉంటాడని, నేను బస్సులో వెనకే వచ్చి లోపలికి తోడొస్తానని ఒప్పించాను. అక్కడ ఏం చెప్పారు, ఏం చేశారు అన్నది ఆవిడ సొంత సంగతి, నేను రాయను.

వీధిలో మా ఆయన బండి స్టార్టు చేసి ఉంచాడు. మా అత్త ఉతికిన చీర కట్టుకుని బండి దగ్గరకొచ్చింది. వచ్చి, సంచిలోంచి పాత దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి, కొత్త రెక్సిన్ మీద జాగ్రత్తగా పరవడం మొదలెట్టింది.

"అదెందుకత్తా?"

"కొత్త సీటు గుంటా. ఎంత కట్టపడి కుట్టేవు. పాడైపోద్ది."

ఆ దుప్పటి లాగేసి చంకలో పెట్టుకున్నాను.

"పాడైతే మల్లీ కుడతాను. కూకో" అన్నాను.